కందనకాయ కాలం

ఆదివారం కోడిని కోస్తే కందనకాయ ఇంటాయన సెబ్బోవాది. పెళ్లికి ముందు మేనత్త వారం రోజులు కూర్చోబెట్టి నల్వాంగాకు నేర్పిన పాఠాల్లో అదే ముఖ్యమైంది. "ఎవరి పొట్లంలో ఏ ముక్క పెట్టినా, కందనకాయ మాత్రం నీ మొగుడి పొట్లంలో ఉండాలమ్మాయ్. లేకపోతే మా పెంపకాన్ని అంటారు" అందావిడ. పద్దెనిమిదేళ్లుగా నల్వాంగా అరటాకులు సెగకు వాడ్చి, వేరుశనగ ముద్దలో కోడిముక్కలు పెట్టి, మనిషికొక పొట్లం కట్టి ఆవిరి మీద ఉడికిస్తోంది. కందనకాయ రుచి ఆమెకు తెలియదు.

ఆ సంగతే కథగా రాసింది. 'ఆమె కందనకాయను భర్త పొట్లంలో పెడుతుంది. మోకాళ్ల మీద కూర్చుని అతని చేతుల మీద నీళ్లు పోస్తుంది.' కంపాలాలో ఆడవాళ్ల కథల సంకలనం వేస్తున్న కిసాక్యెకు అది తెగ నచ్చింది. సోమవారానికల్లా సాపు ప్రతి పంపమంది.

గురువారం సాయంత్రం సెబ్బోవా చదివాడు. "బాగుంది గానీ, ఇదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు రాశావేం? నేను హెడ్మాస్టర్ని. స్టాఫ్ రూములో ఏమనుకుంటారు? 'పెట్టేది, పోసేది' అని మార్చు. మా అమ్మ కాలంనాటి కథ అవుతుంది. అలాగైతేనే పంపు. ఈ రోజుల్లో ఇలా ఎవరున్నారు చెప్పు?" అంటూ టీ కోసం చెయ్యి చాచాడు. మోకాళ్ల మీదున్న నల్వాంగా కప్పు అందించింది.

అలా మారిస్తే ఏమవుతుందని కిసాక్యెకు ఫోన్ చేసి అడిగింది. "జరిగిపోయినట్టు రాస్తే, చెప్పే మనిషి అందులోంచి బయటపడి వెనక్కి చూస్తున్నట్టుంటుందక్కా. జరుగుతున్నట్టు రాస్తే ఇంకా లోపలే ఉన్నట్టు. నువ్వెక్కడున్నావో నువ్వే చూసుకో" అందా పిల్ల.

ఎక్కడుంది తను? 'పెట్టేది' అని రాయబోతే అబద్ధమాడుతున్నట్టు చెయ్యి ఆగిపోయింది. తన బతుకును తీసుకెళ్లి ఎప్పుడో పోయిన అత్తగారికి అంటగట్టమంటున్నాడు కదా అని ఒళ్లు మండింది. పోనీ ఉన్నదున్నట్టు ఉంచేద్దామా అంటే, అదీ మనసొప్పలేదు. పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆ ఆడమనిషి కందనకాయ పెడుతూనే ఉంటుంది. రేపు తన కూతురు తెరిచినా అంతే. శుక్రవారం, శనివారం తను పాఠాలు చెప్పే బడిలో పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నా, ఇంట్లో అంట్లు తోముతున్నా ఇదే ఆలోచన.

ఆదివారం కోడిని శుభ్రం చేస్తూ కందనకాయను చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత దానికి ఉప్పు రాసి, బొగ్గుల మీద కాల్చి, పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని తినేసింది. కాస్త గట్టిగా ఉంది, బాగా నమలాల్సి వచ్చింది. ఇంతోటి దానికా అని నవ్వొచ్చింది. ఇంకోటి ఉంటే బాగుండుననీ అనిపించింది. చేతులు కడుక్కుని, కలం తీసుకుని కథ దిద్దింది.

మధ్యాహ్నం సెబ్బోవా పొట్లం విప్పి వేళ్లతో వెతికాడు. "కందనకాయ ఏదే?"

"తిన్నాను."

"ఎవరు, నువ్వా?"

"నేనేనండీ. మీరు చెప్పినట్టే కథంతా మార్చాను, చూడండి" అని కాగితాలు అతని పక్కన పెట్టింది.

అతను కాగితాల వైపు ఓసారి చూసి, పొట్లం దగ్గరికి లాక్కున్నాడు. భోజనమయ్యాక ఆమె ఎప్పటిలాగే చెంబూ పళ్లెమూ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. అతను ఎంగిలి చెయ్యి పళ్లెం మీదికి చాచి, కాగితాల వైపు వంగి చదివాడు. పెట్టేది, వండేది, ఊరుకునేది. ఒకచోట ఆగాడు.

"'మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు పోస్తుంది'. ఇదొక్కటీ మర్చిపోయావే."

నల్వాంగా చెంబు అతని పక్కన బల్ల మీద పెట్టి, లేచి నిలబడింది.

"మర్చిపోలేదండీ. ఇప్పుడు మారుస్తాను."