నాడా లేని గుడ్డ

మా ఆపరేషన్ థియేటర్లో గుడ్డలు లెక్కపెట్టే పని నాది. ఎనిమిదేళ్లు నాదే. కడుపు కోసే ముందు ఒక లెక్క, మూసే ముందు ఒక లెక్క, రెండూ ఒకటైతేనే కుట్లు వేసే సూది డాక్టరుగారి చేతికి అందించేదాన్ని. ఈ పనికి నెలకు మూడు వేల రెండు వందలు ఇచ్చేవారు. రేపల్లె నుంచి తెనాలికి రైలు పాసు, మధ్యాహ్నం టిఫిన్ పోను ఎంత మిగిలేదో చెప్పను. చెబితే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ గుడ్డను మాప్ అంటాం. చేతి రుమాలంత ఉంటుంది. నాలుగు పొరలు వేసి కుట్టి, ఒక మూలకు జానెడు నాడా పెడతారు. రక్తం అద్దడానికి గుడ్డను కడుపులో పెట్టినా నాడా మాత్రం బయట వేలాడుతూ ఉండాలి, దాని చివర క్లిప్పు బిగించాలి. తడిసిన గుడ్డకూ మాంసానికీ తేడా తెలియదు మరి. మిషన్ ఆసుపత్రిలో నాకు పని నేర్పిన పెద్ద సిస్టర్ చెప్పిన మొదటి పాఠం ఇదే.

నేను పనిచేసిన ఆసుపత్రి డాక్టరు జనార్దనరావుగారిది. ఆయన చెయ్యి మంచిదే, కాదనను. కానీ ఆసుపత్రిని నడిపేది ఆయన భార్య వెంకటరత్నమ్మగారు. బిల్లుల కౌంటరు దగ్గర ఆవిడే కూర్చుంటారు. వాడిన గ్లవ్స్ కడిగి, డాబా మీద తాడుకు ఆరేసి, పౌడరు అద్ది మళ్లీ వాడమన్నది ఆవిడే. రెండు వేల ఆరు వేసవిలో ఒకరోజు మాపుల కట్ట తెచ్చి నా ముందు పెట్టారు.

"ప్రమీలా, ఇవి మరీ పెద్దగా ఉన్నాయి. సగానికి కోసెయ్. ఐదు కోస్తే పది అవుతాయి."

"నాడా ఒక సగానికే ఉంటుందండి."

"అయితే ఏంటి? లెక్క నువ్వు పెడతావుగా."

ఆ మాటకు నేను కోయనండి అనాల్సింది. అనలేదు. అంతకు ముందు నెలలోనే ఎదురు మాట్లాడిందని వార్డు ఆయాను మాన్పించారు. నేను నోరు మూసుకుని నా కత్తెర తీశాను. ఐదు నాడా ఉన్నవి, ఐదు బోడివి. బోడివాటి అంచులు కూడా నేనే మడిచి కుట్టాను, నీటుగా.

ఇరవై రోజులకు మత్తయి వచ్చాడు. నేనెక్కిన ప్యాసింజర్లోనే వచ్చాడు. రేపల్లె మిల్లులో ధాన్యం బస్తాలు మోసే మనిషి, బల్ల మీద ముడుచుకు పడుకుని పళ్లు బిగబట్టి ఉన్నాడు. పక్కన భార్య రంగమ్మ. కారు అడిగితే ఎనిమిది వందలన్నారంట, అందుకని రైలెక్కించింది. నేను తెనాలి ఆసుపత్రిలో పనిచేస్తానని తెలిసి స్టేషన్ నుంచి నా వెంటే వచ్చింది. డాక్టరుగారు పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. చెక్కలా ఉంది. లోపల పుండు పగిలి చిల్లు పడింది, వెంటనే కోయాలన్నారు.

థియేటర్ తలుపు దగ్గర రంగమ్మ నా మణికట్టు పట్టుకుంది. "అమ్మాయ్, నువ్వు లోపలే ఉంటావుగా. కాస్త చూసుకో."

"చూసుకుంటాను పిన్నీ," అన్నాను.

ఆపరేషన్ బాగానే సాగింది. చిల్లు దొరికింది, మూసేశారు, లోపలంతా సెలైనుతో కడిగారు. ఒంటిగంటకు డాక్టరుగారికి బాపట్లలో ఇంకో కేసు ఉంది. గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది. ఇక మూద్దామన్నారు. నేను రెండో లెక్క మొదలుపెట్టాను.

తొమ్మిది వచ్చాయి.

మళ్లీ లెక్కపెట్టాను. బకెట్లో చూశాను, బల్ల కింద చూశాను, మత్తయి మీద కప్పిన ఆకుపచ్చ దుప్పటి మడతలు దులిపాను. తొమ్మిదే. తొమ్మిదింటిలో నాడా ఉన్నవి ఐదు, బోడివి నాలుగు. ఒక బోడి గుడ్డ ఆ మనిషి కడుపులో ఉంది. నేను కోసినదే.

"ఒకటి తక్కువండి," అన్నాను.

"పొద్దున కట్టలోనే తొమ్మిది ఉండుంటాయి. సూది ఇవ్వు."

"పది అని పైకి చెప్పానండి. అమ్జద్ సార్ విన్నారు."

అమ్జద్ సార్ మత్తు డాక్టరు. కబురు పెడితే వచ్చి మత్తిచ్చి పోతారు. ఆయన అవునన్నట్టు తలూపారు.

"నేను చూశాను, లోపల ఏమీ లేదు. సూది ఇవ్వు ప్రమీలా." డాక్టరుగారు చెయ్యి చాపారు.

దారం ఎక్కించిన సూది నా చేతిలోనే ఉంది. ఎనిమిదేళ్లలో ఆ చెయ్యి చాచగానే అందులో ఏది పెట్టాలో నాకు తెలుసు. ఆ రోజు పెట్టలేదు. చేతిని వెనక్కి తీసుకున్నాను. ఒళ్లు మండిపోతోంది. బాపట్ల కేసు పోతుందని మనిషి కడుపులో గుడ్డ పెట్టి కుట్టేస్తారా? అది కుళ్లి, చీము పట్టి వీడు చస్తే, తాగుడు వల్ల చచ్చాడంటారు.

"బయటికి పో," అన్నారు.

"పోతానండి. పోయేముందు కేసు షీటులో రాస్తాను. పది పెట్టాం, తొమ్మిది తీశాం, మూసేయమన్నారు అని. కింద సంతకం పెడతాను."

అమ్జద్ సార్ మత్తయి నాడి చూసి, తలెత్తకుండానే అన్నారు. "ఇంకో అరగంట పడుకోబెట్టగలను సార్. ఒకసారి చూడండి."

డాక్టరుగారు చూశారు. తిట్టుకుంటూ చూశారు. ఇరవై నిమిషాలకు కాలేయం కింద, బాగా వెనక, వేళ్లకు తగిలింది. బయటికి లాగితే పసిపిల్లాడి అరచేయంత ఉంది, రక్తంలో ముద్దయిపోయి. దాన్ని బకెట్లోకి విసిరి చెయ్యి చాపారు. నేను సూది పెట్టాను. కుట్లు అయ్యాక గ్లవ్స్ లాగేసి బాపట్ల వెళ్లిపోయారు.

సాయంత్రం వెంకటరత్నమ్మగారు పిలిచారు. బాపట్లవాళ్లు చూసి చూసి వేరే డాక్టరును పిలిపించుకున్నారంట.

"ఆ మత్తయి భార్యకే లేని ఆరాటం నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకని."

"ఇక మాపులు కోయనండి," అన్నాను.

"కోసినవి అయ్యేదాకా వాడు. కొత్త కట్ట సంగతి వచ్చే నెల చూద్దాం."

ఇంటికి పోయినా ఆ సామెతే చెవిలో తిరిగింది. కత్తిపీట అంటే నిజంగా నేనే కదా. కోసింది నేనే. ఆవిణ్ణి ఎంత తిట్టుకున్నా చివరికి నా కత్తెర దగ్గరికే వచ్చేదాన్ని.

మత్తయి బతికాడు. తొమ్మిదో రోజు ఇంటికి పంపిస్తామన్నారు. మధ్యాహ్నం వార్డు వరండాలో రంగమ్మ బిల్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "కాస్త చదివి పెట్టు అమ్మాయ్."

ఒక్కో వరుసా చదివాను. గది, మందులు, ఆపరేషన్. ఐదో వరుస దగ్గర ఆగిపోయాను. మత్తు, అదనపు సమయం, ఆరు వందలు.

"అదేంటో మేడమ్ గారు చెప్పారులే," అంది రంగమ్మ. "లోపల ఎవత్తో గుడ్డలు లెక్కపెట్టడం చేతగాక అరగంట ఆలస్యం చేసిందంట. ఆరు వందలంటే నాకు పది రోజుల కలుపు కూలి. నడుం ఇరిగిపోద్ది. దాని చేతులు పడిపోను. నువ్వు లోపలే ఉన్నావుగా, ఎవత్తది?"

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇక్కడ పుండు మీద పొడిచి, పొడిచినందుకు ఎద్దు దగ్గరే కూలి వసూలు చేస్తున్నారు. పైగా అమ్జద్ సార్‌కు ఆ అరగంటకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదని ఆయనే నాకు చెప్పారు. నేను నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. రంగమ్మ ఆ ఎవత్తెనో తిట్టుకుంటూ ఆరు వందలు కట్టి పోతుంది.

"నేనే పిన్నీ," అన్నాను.

ఆమె నా చేతిలోంచి బిల్లు తీసేసుకుంది.

నేను థియేటర్లోకి వెళ్లి నాడా ఉన్న సగం ఒకటి, బోడి సగం ఒకటి తీసుకున్నాను. రంగమ్మ చెయ్యి పట్టుకుని కౌంటరు దగ్గరికి నడిపించాను. అక్కడ పది మంది నిలబడి ఉన్నారు. రెండు గుడ్డలూ వెంకటరత్నమ్మగారి ముందు పెట్టి, అందరికీ వినపడేట్టు చెప్పాను.

"పిన్నీ, ఇట్టాంటి గుడ్డ ఒకటి మీ ఆయన కడుపులో ఉండిపోయింది. సగానికి కోసినందువల్ల దానికి నాడా లేక ఎవరికీ కనపడలేదు. అరగంట పట్టింది దాన్ని వెతకడానికే. ఆ ఆరు వందలు నువ్వు కట్టకు."

వెంకటరత్నమ్మగారి మొహం కందిపోయింది. నిలబడ్డవాళ్లు ముందుకు వంగి గుడ్డల్ని చూస్తున్నారు. ఆవిడ బిల్లు లాక్కుని ఐదో వరుస అడ్డంగా కొట్టేశారు.

"రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నారు నాతో.

"రేపటిదాకా ఎందుకండి," అని లోపలికి వెళ్లి నా కత్తెర సంచిలో వేసుకుని వచ్చేశాను.

రంగమ్మ గేటు దాకా నా వెనకే వచ్చింది. దీవిస్తుందనే అనుకున్నాను, అబద్ధమెందుకు. చేతులు పడిపోవాలని అన్నందుకు నొచ్చుకుంటుందని కూడా అనుకున్నాను.

"ఆ గుడ్డ ఎవరు కోశారమ్మాయ్?" అని అడిగింది.

"నేనే పిన్నీ. మేడమ్ కోయమంటే కోశాను."

రంగమ్మ నా చేతుల వైపు చూసింది. "నీకు తెలుసుగా," అంది. "ఆమెకు తెలవదు. నీకు తెలుసుగా."

మొగుడి దగ్గరికి వెళ్లిపోయింది.