కోట హోటల్లో మధ్యాహ్నం దాడి

మధ్యాహ్నం అతిథులు గదులు ఖాళీ చేశాక కొండమీది కోట హోటల్లో ఎవరి హడావిడి వాళ్ళది. వంటగదిలో గిన్నెలు తోముతుంటారు. మేనేజరు కొత్తగా వచ్చేవాళ్ళ కోసం టై సర్దుకుంటుంటాడు. లాండ్రీ ఆవిడ దుప్పట్లన్నీ పెద్ద కాగులో పడేసి పొడుగాటి కర్రతో కలియబెడుతుంటుంది. సరిగ్గా అప్పుడే దాడి మొదలవుతుంది.

వందల ఏళ్ళ కిందట ఓ దొర, పక్క ఊరి దొర మీద కడుపుమంటతో ఈ కోట కట్టించాడు. రంగులు ఆరకముందే ఆ పక్క ఊరి మనుషులొచ్చి తలుపులు బద్దలుకొట్టి లోపలివాళ్ళని ఊచకోత కోశారు. తర్వాత కోట జైలయింది, గోదామయింది, చివరికి ఎవరో పుణ్యాత్ముడు గదిగదికీ స్నానాలగది కట్టించి హోటల్ చేశాడు. ఎన్ని చేతులు మారినా ఆనాటి దాడి మాత్రం ఆగలేదు. రోజూ తలుపు విరుగుతుంది, గొడ్డళ్ళు పట్టుకుని మనుషులు మెట్లెక్కుతారు, తలలు తెగుతాయి, పేగులు బయటపడతాయి. కాసేపటికి శవాలు మాయమవుతాయి. నెత్తురు మాత్రం ఉండిపోతుంది, అది కడుక్కోవాలి.

హోటల్ వాళ్ళకి అలవాటే. కేక వినబడగానే చేతిలోని చీపురో కర్రో కిందపడేసి, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంటారు. ఉత్తచేతులతో ఉన్నవాళ్ళని ఆ సైనికులు కన్నెత్తి చూడరు. చేతిలో పొడుగాటిదేదైనా ఉందా, యుద్ధానికొచ్చిన మనిషి కిందే లెక్క. గొడుగు వదలడానికి బద్ధకించిన ఓ అతిథికి చెవి పోయింది. మేనేజరు నొచ్చుకుని ఆయనకి ఉచితంగా కాఫీ ఇప్పించాడు.

లాండ్రీ గుమ్మంలో రోజూ ఓ గడ్డపాయన చస్తాడు. కోటవాళ్ళ తరఫున ఆఖరి మనిషి. మెడలో గొడ్డలి దిగేదాకా గుమ్మం వదలడు. "ఈ కొండమీద మగాడంటే వాడొక్కడేనే," అంటుంది వంటావిడ.

ఆవిడే, లాండ్రీ ఆవిడ చేరిన రోజు పని నేర్పబోయింది. "నెత్తురు మరకకి చన్నీళ్ళే పొయ్యాలమ్మాయ్, వేణ్ణీళ్ళు తగిలితే పట్టేస్తుంది."

"తెలుసు పిన్నీ."

వంటావిడ ఆమె పెదవి మీది కుట్లు చూసింది. చన్నీళ్ళ బకెట్టు ఆమె ముందుకి జరిపింది.

ఆ కుట్లు మొగుడి చలవ. వాడూ ఒకప్పుడు ఈ హోటల్లోనే కాపలా కాసేవాడు. తాగి అతిథి మీద చెయ్యి చేసుకుంటే గెంటేశారు. ఆ కోపమంతా పెళ్ళాం ఒంటిమీద తీర్చుకున్నాడు. ఆవిడ ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని, కొండెక్కొచ్చి ఇక్కడ పనడిగింది. మళ్ళీ కొండ దిగలేదు. దిగితే చంపుతానని వాడు కబురు పెట్టాడు, వాడు అన్నంత పనీ చేసే రకం.

ఇక దిగదని తెలిశాక వాడే ఎక్కొచ్చాడు. దాడివేళ చూసుకుని మరీ వచ్చాడు. అందరి కళ్ళూ మూసుకుని ఉంటాయి, అన్ని చావుకేకల్లో ఒక కేక ఎవరికి తెలుస్తుంది? ఇక్కడి కిటుకు తెలిసినవాడు కాబట్టి ఉత్తచేతులతోనే వచ్చాడు.

ఆవిడ కర్ర వదిలేసి కళ్ళు మూసుకుని ఉంది. గొంతు మీద వేళ్ళు పడ్డాయి.

"అరువే, అరువు. ఎవడొస్తాడో చూద్దాం."

తల తీసుకెళ్ళి కాగు అంచుకి కొట్టాడు. పన్ను విరిగి నాలుక మీద పడింది. కిందపడ్డ ఆవిడ మీద మోకాలు పెట్టి మళ్ళీ గొంతు నులిమాడు. చూపు మసకబారుతోంది. చేతికి కర్ర తగిలింది. పట్టుకుంటే గొడ్డళ్ళవాళ్ళు ముక్కలు చేస్తారని ఆవిడకి తెలుసు. చస్తే చచ్చాను గానీ వీడి చేతిలో చావను అనుకుని పట్టుకుంది.

గుమ్మంలో పోరాడుతున్న గడ్డపాయన తిరిగి చూశాడు. ఇన్ని వందల ఏళ్ళలో ఆయన వెనక్కి చూడ్డం అదే మొదలు. తన వైపు ఇంకో మనిషి ఉంది, ఆమె గొంతు మీద శత్రువున్నాడు. రెండడుగుల్లో వచ్చి కత్తి వాడి వీపులోంచి గుండెలోకి దింపాడు. వెచ్చటి నెత్తురు ఆవిడ మొహం మీద పడింది. ఆ వెంటనే, ఎప్పట్లాగే, ఆయన మెడలో గొడ్డలి దిగింది. గొడ్డలివాడు ఆవిడ వైపు తిరిగేలోగా ఆవిడ కర్ర విసిరేసి రెండు చేతులూ చాపి చూపించింది. వాడు ఆమెని దాటుకుని వెళ్ళిపోయాడు.

శవాలు మాయమయ్యాయి, మొగుడితో సహా. మేనేజరు తొంగిచూసి, "ఇవాళ నెత్తురు కాస్త ఎక్కువైనట్టుందే," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మెట్లెక్కొచ్చిన గుంపులో మొగుడున్నాడు. చేతులు చాపుకుని లాండ్రీలోకి దూసుకొచ్చాడు, గడ్డపాయన చేతిలో చచ్చాడు. ఆ మర్నాడూ అంతే. ఇప్పుడది రోజూ జరిగే పనుల్లో ఒకటి. అందరూ కళ్ళు మూసుకుంటారు, లాండ్రీ ఆవిడ మాత్రం మూసుకోదు. వాడి కళ్ళు తేలిపోయేదాకా చూస్తుంది.

"ఇంకా ఎందుకే ఈ కొండమీద జైలు?" అంది ఓ రోజు వంటావిడ, చేతిసంచీ తగిలించుకుంటూ. "వాడి పీడ వదిలిందిగా. రా, బజారుదాకా వెళ్ళొద్దాం."

లాండ్రీ ఆవిడ గుమ్మందాకా వచ్చి, కిందికి పోయే దారివైపు చాలాసేపు చూసింది. గడప దాటకుండానే వెనక్కి తిరిగింది.

"రేపు కూడా వాడు చస్తే, ఎల్లుండి వస్తాను పిన్నీ," అంది.