పెద్దాయన సీటు

ఎనభై ఆరు మంది డ్రైవర్లలో ఎవరు ఏ రోజు ఏ రూటులో వెళ్లాలో రాసి గోడకు అంటించడం నా ఉద్యోగం. బస్సు డిపోలో నన్ను చార్టు గుమాస్తా అంటారు. వారానికి ఆరు రోజులు ఈ పని చేసిన మనిషి ఏడో రోజు ఇంకేదైనా చేస్తాడు. నేను ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, డిపో ఎదురుగా ఉన్న కళ్లజోళ్ల షాపుకి వెళ్లి, రేసు కార్ల డ్రైవర్లకు డ్యూటీలు వేస్తాను. ఇందులో సుఖమేమిటో మా ఆవిడకి అర్థం కాదు. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం నాకు రాదు.

అక్కడ మేం ముగ్గురం. షాపు యజమానిని అద్దాలాయన అంటాం. ఆదివారం షట్టరు సగం దించి, లోపల టీవీ పెడతాడు. మూడో మనిషి మా బావ, అంటే మా అక్క భర్త. మా డిపోలోనే ఇరవై ఏడేళ్లుగా డ్రైవరు. తొమ్మిదో నంబరు రూటు ఆయనది. డిపోలో అందరి కన్నూ దాని మీదే. వెడల్పాటి రోడ్డు, కొత్త బస్సు, పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం రెండింటికల్లా ఇంట్లో ఉండొచ్చు.

రేసులు జరిగే నెలల్లో చూస్తాం. జరగని మూడు నెలలూ వచ్చే ఏడాదికి మా సొంత క్యాలెండరు తయారుచేస్తాం, ఏ టీములో ఎవరు నడపాలో జాబితా రాస్తాం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, టీములు ఎవరివో, సీట్లు పంచేది మేము. మా అక్క మమ్మల్ని చూసి "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అంటుంది. ఆ సోమలింగానికి పేరు పెట్టడానికి మేం ఎంత కొట్టుకుంటామో ఆవిడకి తెలియదు.

మాకూ కట్టుబాట్లున్నాయి. రేసులు ఇరవై రెండుకి మించకూడదు. కొత్తది ఒకటి ఎక్కించాలంటే పాతది ఒకటి దించాలి. డ్రైవర్లకీ అదే లెక్క. బావకి వాన పడే ట్రాకులంటే ప్రాణం, ఏడాదికి ఆరైనా ఉండాలంటాడు. అద్దాలాయన రాత్రి పూట రేసులు ఒప్పుకోడు, దీపాల వెలుగు కళ్లకి మంచిది కాదంటాడు. నా పట్టుదల వేరు. వరసగా మూడు ఆదివారాలు రేసు పెడితే నేను సంతకం పెట్టను. మెకానిక్కులకు వారాంతపు సెలవు ఎవడిస్తాడు? ఈ ఒక్క ముక్క మీద పోయినేడు నాలుగు వారాలు గొడవపడ్డాం. చివరికి నేనే గెలిచాను. ఎవరూ మమ్మల్ని అడగలేదు కాబట్టి ఆ సెలవులు ఎవరికీ అందలేదు.

అసలు సంగతి ఇది కాదు. అసలు సంగతి బావ కళ్లు.

ఏడాదిగా టీవీ ముందు కూర్చుని "ముందున్నది ఎవర్రా?" అని అడుగుతున్నాడు. చెబితే, "ఈ టీవీ పాడైపోయింది, మార్చండి సార్" అని అద్దాలాయన మీద పడతాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అద్దాలాయన కొత్త టీవీ కొన్నాడు. అదీ పాడైపోయిందన్నాడు బావ.

ఆ షాపులో గోడకి కళ్లు పరీక్షించే అక్షరాల బోర్డు ఒకటి ఉండేది. పై వరసలో పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చీమలంత అక్షరాలు. ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం బావ దానికెదురుగానే కూర్చున్నాడు. ఎప్పుడైనా సరదా పుడితే, ఆఖరి వరస గడగడా చదివి, "చూశావా, గద్ద చూపు" అనేవాడు. నెల కిందట అద్దాలాయన ఆ బోర్డు తీసేసి కొత్తది పెట్టాడు. పాతది మాసిపోయింది, అంతే, వేరే ఉద్దేశం లేదు. ఆ ఆదివారం బావ మళ్లీ ఆఖరి వరస చదివాడు. పాత బోర్డులోది. ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

అద్దాలాయన నా వైపు చూశాడు. నేను అద్దాలాయన వైపు చూశాను. "టీ చల్లారిపోతోంది బావా" అన్నాను.

బావ వెళ్లాక మా ఇద్దరికీ పిల్లి మెడలో గంట బేరం మొదలైంది. "మీ బావే కదా, మీరు చెప్పండి" అన్నాడు అద్దాలాయన. "కళ్ల విషయం కదా, మీరు చెప్పండి" అన్నాను నేను. మేనేజరుకి చెబితే ఆ రోజే కాగితాలు నడుస్తాయి, బావ సంగతి డిపో అంతా తెలుస్తుంది, అక్క ఇక జన్మలో నాతో మాట్లాడదు. చెప్పకపోతే రోజూ తొమ్మిదో నంబరులో అరవై మంది ఆయన్ని నమ్మి ఎక్కుతున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను మధ్యలో కూర్చుని చార్టులు రాశాను.

ఆ తర్వాత మూడో వారం గురువారం తొమ్మిదో నంబరు కండక్టరు నా గదికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. "నేను చెప్పానని అనకండి" అన్నాడు. "మార్కెట్ స్టాపులో ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని బస్సు ముందు నుంచి దాటుతోంది. డ్రైవరుగారు బండి కదిలించేశారు. నేను అరిస్తే ఆపారు. ఇంతే ఎడం ఉంది సార్." రెండు అరచేతులు దగ్గరగా పెట్టి చూపించాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. భయమేసింది. బావ మీద కోపమూ వచ్చింది. నా మీద నాకు వచ్చిన కోపం ముందు అదెంత.

చెప్పాలని తేలింది. ఎలా చెప్పాలన్నదే మిగిలింది. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఆలోచించి ఆలోచించి, నాకు తెలిసిన ఒకే ఒక్క దారి పట్టాను.

మేం పెద్దాయన అని పిలుచుకునే రేసు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. రెండుసార్లు ఛాంపియన్. నలభై మూడేళ్లొచ్చినా సీటు వదలడం లేదు. బావకి ఆయనంటే దేవుడు. మా జాబితాలో ఏటా ఆయన పేరు మొదట రాయించేది బావే. ఆయన వెనక ఆ టీములో ఒక రిజర్వు డ్రైవరు మూడేళ్లుగా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం నేను కాగితం తీసి, "ఈసారి పెద్దాయన్ని దించి రిజర్వుని ఎక్కిద్దాం" అన్నాను.

"ఎందుకట?" అన్నాడు బావ.

"పోయినేడు ఎలా నడిపాడో చూడలేదా? బ్రేకు వేయాల్సిన చోట వేయడం లేదు. ఎడం వైపు తగిలిస్తున్నాడు. అద్దాలు పగులుతున్నాయి. స్టాపు దాటి ఆపుతున్నాడు."

అద్దాలాయన స్క్రూ డ్రైవరు కింద పెట్టి నన్ను చూశాడు. నేను ఆగలేదు.

"గొప్ప డ్రైవరే, కాదన్నదెవరు? ఇరవై ఏళ్లు ఒక్క మచ్చ లేదు. మచ్చ పడకముందే దిగితే ఆ పేరు నిలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పలేరు. వాళ్లకి మొహమాటం. ఆయనే తెలుసుకోవాలి."

మామూలుగా ఇలాంటి మాటకి బావ కుర్చీలోంచి లేస్తాడు. ఆ రోజు లేవలేదు. చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"దించెయ్" అన్నాడు చివరికి. "ఎవరికో తగిలేదాకా ఆగకూడదు. నేనైతే ఈపాటికి తాళాలిచ్చేసి ఇంటికెళ్లేవాణ్ని."

మా డిపోలో ఒక పద్ధతుంది. డ్రైవరు తన రూటు వదులుకోవాలంటే అర్జీ రాయక్కర్లేదు. ఒక సాక్షి ఎదుట నాకు నోటిమాటగా చెబితే చాలు, మర్నాటి చార్టులో మార్చేస్తాను. కాగితం మీద అడిగితే ఎవరూ వదలరని ఎప్పుడో పెద్దలు పెట్టిన పద్ధతి. నేను షాపులోంచి నేరుగా డిపోకి వెళ్లి, తొమ్మిదో నంబరు దగ్గర బావ పేరు తీసేసి, స్పేరులో ఉన్న ఒకావిడ పేరు రాశాను. ఆవిడ మూడేళ్లుగా స్పేరు డ్రైవరు. ఎవరికైనా జ్వరమొస్తేనే ఆవిడకి బస్సు. అంతకుముందు పదేళ్లు పాల వ్యాను నడిపింది. ఎక్కడా గీత పడలేదు.

పద్ధతి ప్రకారం చూస్తే నేను చేసినదాంట్లో తప్పు లేదు. చెప్పింది డ్రైవరు, విన్నది గుమాస్తా, పక్కన సాక్షి ఉన్నాడు. ఒకటే లోపం. మేం మాట్లాడుకున్నది ఇంకో దేశంలో ఇంకో బండి నడిపే మనిషి గురించి.

సోమవారం అయిదుంబావుకి నేను చార్టు గదిలో ఉన్నాను. అయిదున్నరకి బావ యూనిఫాంలో, చేతిలో క్యారియరుతో గేటు దాటి వచ్చాడు. చార్టు అంటించిన బోర్డు వైపు చూడలేదు. ఇరవై ఏడేళ్లలో చూడాల్సిన అవసరం రాలేదు. నేరుగా తొమ్మిదో నంబరు దగ్గరికి వెళ్లి, తలుపు తీసి, మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయాడు. సీట్లో ఆవిడ ఉంది. బావ ఏదో అన్నాడు. ఆవిడ బోర్డు వైపు చెయ్యి చూపించింది.

బావ దిగి బోర్డు దగ్గరికి నడిచాడు. ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా నిలబడి, వేలు పెట్టుకుంటూ పైనుంచి కిందికి వచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. తర్వాత నా గదికి వచ్చాడు.

"ఏంట్రా ఇది?"

"చార్టు బావా."

"చార్టని తెలుసు. నా పేరేదీ?"

"నిన్న నువ్వే చెప్పావుగా. అద్దాలాయన కూడా విన్నాడు."

"ఏం చెప్పాను?"

"దిగిపోవాలని."

"ఎవరు?"

నేను గోడ గడియారం చూశాను. అయిదూ ముప్పై ఎనిమిది. "పెద్దాయన" అన్నాను.

బావ ఏమీ అనకముందే ఆవిడ తలుపు దగ్గరికి వచ్చింది. "సార్, టైమైంది. బండి తియ్యమంటారా, ఆగమంటారా?" అంది. బావ వైపు తిరిగి, "అన్నా, నాకేం తెలీదు. బోర్డు మీదుంది, ఎక్కాను" అంది.

మూడేళ్లు ఎదురుచూసిన మనిషి, ఇంకో నిమిషం నిలబడింది. నేను మళ్లీ గడియారం చూశాను. నోరు తెరవాల్సింది నేనే.

"తియ్యమ్మా" అన్నాడు బావ. "ఆసుపత్రి స్టాపులో మొదటి బస్సుకి నర్సులుంటారు. ఆలస్యమైతే పాపం వాళ్లకి మాటొస్తుంది. అక్కడ కుడిపక్క గుంట ఉంది, చూసుకుని తిప్పు."

ఆవిడ తలూపి వెళ్లిపోయింది. బస్సు కదిలిన చప్పుడు గేటు దాటేదాకా ఇద్దరం విన్నాం.

"నిన్న నాకు అర్థం కాలేదనుకున్నావా?" అన్నాడు బావ. "రేసు డ్రైవరు స్టాపు దాటి ఆపడమేంట్రా? రేసులో స్టాపులెక్కడివి?"

"అప్పుడే తెలిసిందా?"

"నువ్వు కాగితం తీసినప్పుడే తెలిసింది. అంతకుముందే తెలుసు. మార్కెట్ దగ్గర ఆ పిల్లతల్లి... మూడు రోజులు నిద్రపోలేదు నేను. ఎవడైనా వచ్చి, నువ్విక నడపొద్దు అంటాడేమోనని చూస్తున్నాను. ఒక్కడూ అనలేదు. నువ్వొచ్చి పెద్దాయన గురించి చెప్పావు."

"తెలిసే ఔనన్నావా? మరి ఇవాళ మళ్లీ వచ్చి బస్సెందుకు ఎక్కబోయావు?"

"నిన్న సాయంత్రం ధైర్యం ఉంది" అన్నాడు బావ. "పొద్దున్నే యూనిఫాం వేసుకునేసరికి పోయింది."

ఎనభై ఆరు మందికి రోజూ పని చెప్పేవాణ్ని, ఒక్క మనిషికి ఒక్క మాట చెప్పలేక నెల రోజులు తిప్పాను. సిగ్గేసింది.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు బావ.

"ఏం చెప్పాలి?"

"పెద్దాయన్ని పక్కన పెట్టి చెప్పు."

"బావా, నీకు కళ్లు సరిగ్గా కనిపించడం లేదు. నువ్విక బస్సు నడపకూడదు."

"అలాగే" అన్నాడు.

తర్వాత ఆయనే, "సాయంత్రం అద్దాలాయన దగ్గరికి వెళ్దాం, నువ్వూ రా. మీ అక్కకి మాత్రం నేనే చెప్తాను. నువ్వు చెప్తే ఎక్కడో రేసుతో మొదలుపెడతావు, దానికి అర్థమయ్యేసరికి తెల్లారుతుంది" అన్నాడు.

"సరే. పద, ఇంటి దగ్గర దింపుతాను."

"ఇప్పుడా? ఈ వేళప్పుడు తలుపు కొడితే నేను నోరు విప్పకముందే కనిపెట్టేస్తుంది. రోజూ వెళ్లే టైముకే వెళ్తాను."

బావ బెంచీ మీద కూర్చుని క్యారియరు ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పటికి ఆరు కూడా కాలేదు. మధ్యాహ్నం రెండు కావొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.