రాతిపిండి కుప్పకు ముగ్గు

వానలు ఎగ్గొట్టిన ఆ ఏడు ఉరవకొండ పక్కన మారెక్క చేనిగట్టున వేరుశనగ కుప్పకు బదులు రాతిపిండి కుప్ప ఉండింది. అనంతపురంలో పై చదువు చదివే నందిని నల్లరాయిని మెత్తగా ఆడించి తెచ్చి పోయించింది. తడిగా ఉంచితే ఆ పిండి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని తెల్లటి సున్నపురాయి అవుతుందట. లోకాన్ని వేడెక్కించే ఆ గాలి ఇక రాయిలోనే పడి ఉంటుందట. రోజుకు రెండు బిందెల నీళ్లు చల్లాలి, వేరే ఏదీ దాని మీద పడనీయకూడదు. అదీ మారెక్క పని.

నీళ్లు ఒక్కరోజూ తప్పలేదు. కానీ మారెక్కకు కుప్ప అంటే కుప్పే. కళ్లంలో కాయల కుప్ప చుట్టూ ముగ్గు గీసి, నెత్తిన ఇంత చల్లి, దండం పెట్టనిదే నలభై ఏళ్లలో ఆమె చేట ముట్టింది లేదు. ముగ్గు లేని ఆ కుప్ప తల దువ్వని ఆడపిల్లలా కనబడి ప్రాణం ఒప్పలేదు. ముగ్గుతో మేలే గదా అనుకుని దీని నెత్తినా ఇంత చల్లింది.

పది నెలలకు నందిని వచ్చి, పైపిండి గీరి ఆసిడు చుక్క వేసింది. బుసబుస పొంగింది. గాలి చిక్కిందనడానికి అదే గుర్తు. ఇంత తొందరగా ఇంతెక్కడా చిక్కలేదని ఆ పిల్ల మారెక్కను వాటేసుకుంది. సంచుల్లోకి పిండి ఎత్తుతూ, దీని మీద వేరే ఏమీ పడలేదు గదా అవ్వా అని మాటవరసకు అడిగింది.

"ఏం పడతాది పాపా, నేనుండాను గదా," అనేసింది మారెక్క.

గొర్రెలు తోలుకుపోతున్న గురప్ప నిలబడి, "ఏమక్కా, గాలినే కట్టేసినావంట. మా ఆడదాని నోరు గూడా రోంత కట్టెయ్‌రాదా," అన్నాడు. నందిని నవ్వింది. మారెక్కకు చెవులు కాలినాయి.

మజ్జిగ తెస్తానని గుడిసెలోకి పోయింది. గూట్లో ముగ్గుడబ్బా. చెప్పకుంటే ఎవరికీ తెలియదు. మజ్జిగ మరిచి డబ్బాతోనే బయటికొచ్చింది.

"దీని మీద గూడా ఒక చుక్క ఎయ్యి పాపా."

పొంగకూడదని లోపల మొక్కుకుంటూనే ఉంది. డబ్బాలోదీ అంతే బుసగా పొంగింది.

నందిని డబ్బాలో పొడిని వేళ్లతో నలిపి చూసింది. "ముగ్గూ సున్నపురాయి పొడే, ఇంక గాలి ఎంత చిక్కిందో చెప్పలేం. ఎన్నిసార్లు చల్లినావవ్వా?"

"శుక్కురారం శుక్కురారం. ఇందాక నీకు అబద్ధం చెప్పినాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పిల్ల సంచుల మూతులు ఒక్కొక్కటే విప్పి గట్టు మీద కుమ్మరించింది. పది నెలల పని. తానూ ఒక చేయి వేద్దామని వంగి, ఏ ముఖంతో అనుకుని ఆగిపోయింది మారెక్క. బస్సెక్కేముందు నందిని, కొత్త పిండి పంపిస్తాను, నువ్వే చూసుకో అవ్వా అని మాత్రం చెప్పింది.

కొత్త కుప్ప వచ్చిన తరువాతి శుక్రవారం, మారెక్క రెండు బిందెలూ చల్లింది. ముగ్గుకు అలవాటుపడిన చేయి ఊరుకోలేదు. ఆ చేతిని కొంగులో చుట్టుకుని, ముగ్గు వేయకుండా దూరం నుంచే తల వంచి, గురప్ప ఎదురొస్తుంటే వేరే గట్టున ఇంటిదారి పట్టింది.