హర్షం వ్యక్తం చేసిన సభ్యురాలు

కొత్త ఉత్తర్వు వచ్చిన రోజున జలాశయం ఆఫీసు గుమస్తా చేసిన తప్పు ఒక్కటే. అడగగానే నోరు తెరిచాడు.

ఇకమీదట జలాశయం కమిటీలో ఆనకట్ట దిగువన బతికేవాళ్ల తరఫున ఒక మనిషి ఉండాలనీ, సమావేశం మినిట్స్ కింద ఆ మనిషి సంతకం లేకపోతే పైఆఫీసు ఏ ఫైలూ ముట్టుకోదనీ ఆ ఉత్తర్వు సారాంశం. పెద్ద ఇంజనీరు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గొడవ చెయ్యని మనిషి ఎవరైనా ఉన్నారా, నీకు తెలిసి?"

"మా వదిన ఉంది సార్. అన్నయ్యా తనూ ఏటి ఇసుకలో పుచ్చతోట వేస్తారు. కొత్తవాళ్ల ముందు పెదవి విప్పదు."

అందులో అబద్ధం లేదు. నలుగురు చేరిన చోట ఆమె గోడవారన కూర్చుని వినే మనిషి. ఆ నలుగురూ ఎప్పుడూ ఆమె తోట గురించి మాట్లాడలేదన్న సంగతి మాత్రం గుమస్తాకి తట్టలేదు.

మొదటి సమావేశం మూడో అంతస్తు హాల్లో జరిగింది. ఆనకట్ట మీద సందర్శకుల కోసం కట్టిన రెయిలింగుకి లేత నీలం వెయ్యాలా, ముదురు నీలం వెయ్యాలా అని రెండు గంటలు చర్చించారు. టీలు తాగారు. అందరూ లేవబోతుండగా పెద్ద ఇంజనీరుకి గుర్తొచ్చింది.

"అమ్మా, మీరేమైనా చెప్తారా?"

"నీళ్లు వదిలే ముందు మాకొక మాట చెప్తారా సార్?" అంది వదిన.

"చాలా మంచి సూచన. రాసుకోవయ్యా."

గుమస్తా రాసుకున్నాడు. మర్నాడు టైపు చేస్తుంటే వేళ్లు అలవాటైన దారినే పోయాయి. 'దిగువ ప్రాంత సభ్యురాలు కమిటీ కృషి పట్ల హర్షం వ్యక్తం చేశారు.' పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో అతని మినిట్స్‌లో ఏ సభ్యుడూ హర్షం తప్ప మరొకటి వ్యక్తం చెయ్యలేదు. మరిది తెచ్చిన కాగితమే కదా అని వదిన చదవకుండా సంతకం పెట్టింది.

రెండో సమావేశంలో లేత నీలం ఖాయమైంది. వదిన పాత మాటే మళ్లీ అడిగి, ఇంకొకటి కలిపింది. గేట్లన్నీ ఒక్కసారే ఎత్తకుండా ముందు ఒక్కటి కొంచెం ఎత్తి, ఒక గంట ఆగి మిగతావి ఎత్తితే, నీళ్లు మెల్లగా పెరుగుతాయి, సామాను ఒడ్డుకి చేర్చుకుంటాం అంది. మినిట్స్‌లో ఈసారి కూడా ఆమె హర్షమే వ్యక్తం చేసింది.

ఆ తర్వాత మంగళవారం, కాయ కోతకొచ్చిన వారంలో, మిట్టమధ్యాహ్నం గేట్లన్నీ ఎత్తేశారు. అన్న లోడు వేసుకుని మార్కెట్‌కి వెళ్లాడు. వదిన తోటలో ఒక్కతే ఉంది. చప్పుడు విని తలెత్తేసరికి నీళ్లు పాదులోకి వచ్చేశాయి, పైపు చుట్ట భుజాన వేసుకునేసరికి మోకాళ్లకి వచ్చాయి. నీళ్లు తోడే ఇంజను ఒక్కతే లాగలేకపోయింది. ఒడ్డెక్కి వెనక్కి తిరిగితే ఇంజను కనిపించలేదు. మూడు నెలలు నీళ్లు పెట్టి పెంచిన కాయలు బంతుల్లా తేలుతూ పోతున్నాయి.

మూడో సమావేశంలో ఆమె టీ ముట్టుకోలేదు.

"ముందుగా చెప్తామన్నారు కదా సార్?"

"చెప్పామమ్మా. రెండ్రోజుల ముందే నోటీసు పెట్టాం," అని పెద్ద ఇంజనీరు వరండా వైపు చెయ్యి చూపించాడు.

వదిన లేచి వెళ్లింది. వరండా చివర, తాళం వేసిన అద్దాల పెట్టెలో నోటీసు ఉంది. నిలబడి మొత్తం చదివి వచ్చి కూర్చుంది.

"మూడంతస్తులెక్కి ఈ కాయితం చదవడానికి నా పుచ్చకాయలకి కాళ్లున్నాయా సార్?"

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. పెద్ద ఇంజనీరు, "బాధ అర్థమైంది, వచ్చేసారి చూద్దాం," అన్నాడు. గుమస్తా బాగా ఆలోచించి ఈసారి 'హర్షం' కొట్టేసి 'సంతృప్తి' అని టైపు చేశాడు. అదే తన వంతు న్యాయం అనుకున్నాడు.

సాయంత్రం ఆ కాగితం పట్టుకుని అన్న ఇంటికి వెళ్లాడు. అన్న గుమ్మం దగ్గర, నీళ్లు తీశాక ఏట్లో దొరికిన ఇంజను విప్పి ఇసుక కడుగుతున్నాడు. పక్క తోటలవాళ్లు ముగ్గురు చుట్టూ కూర్చున్నారు. వదిన కాగితం తీసుకుంది. ఈసారి చదివింది.

"ఏమయ్యా, నేను సంతృప్తి పడ్డానా?"

"అది ఆఫీసు భాష వదినా. అందరికీ అలాగే రాస్తాం."

"అయితే ముందు రెండుసార్లూ ఏం రాశావు? ఆ కాగితాలు నీ సంచిలోనే ఉన్నాయిగా. చదువు. గట్టిగా చదువు."

అతను చదివాడు. మొదటి హర్షానికి పక్క తోటవాళ్లు పడీపడీ నవ్వారు. రెండో హర్షానికి ఎవరూ నవ్వలేదు. అన్న స్పానరు కింద పెట్టి, తమ్ముడి మొహం కేసి ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. ఆ చూపుకి గుమస్తాకి ఒళ్లు మండిపోయింది.

"నన్నేం చెయ్యమంటారు? పైన ఆయన అరుస్తాడు, కింద మీరు అరుస్తారు. మధ్యలో నేనేమన్నా గేట్లెత్తానా?"

"నువ్వు గేట్లెత్తావని ఎవరన్నారు? నేనన్న మాట రాయలేదంటున్నాను," అంది వదిన. "రాసింది నా మాట కాదు, నేను సంతకం పెట్టను."

సంతకం లేక గేట్ల మరమ్మతు ఫైలు ఆగిపోయింది. పెద్ద ఇంజనీరు రోజూ గుమస్తాని పిలిచేవాడు. "మీ వదినే కదయ్యా! చెప్పుకోలేవా?" నోరు విప్పదన్నావే అని రోజూ గుర్తు చేసేవాడు. ఇంటికి వెళ్తే భార్య, "అక్క అడిగిందాంట్లో తప్పేముంది?" అని కంచం పెట్టి లోపలికి వెళ్లిపోయేది. ఆరో రోజున గుమస్తా విసిగిపోయి మళ్లీ టైపు మిషను ముందు కూర్చున్నాడు. వదిన మూడుసార్లూ ఏమందో అన్నది అన్నట్టు, పుచ్చకాయల కాళ్లతో సహా, టైపు చేసి పెద్ద ఇంజనీరు ముందు పెట్టాడు.

"ఇది పైకి పంపితే నా పరువేం కావాలి?"

"పంపకపోతే సంతకం లేదు సార్."

"ఒక గేటు ముందు ఎత్తి గంట ఆగడం కుదరదయ్యా. టెక్నికల్‌గా చాలా ఇబ్బందులుంటాయి."

"ఏం ఇబ్బందులు సార్?"

పెద్ద ఇంజనీరు బెల్లు కొట్టాడు. గేటు ఆపరేటరుని పిలిపించారు. చేతులకి గ్రీజుతో వచ్చి, గుమ్మం బయటే నిలబడి విన్నాడు.

"చెయ్యొచ్చండి," అన్నాడు. "నిజానికి గేట్లకి అదే మంచిది."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెయ్యలేదు?"

"ఎవరూ అడగలేదండి."

పెద్ద ఇంజనీరు కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. వదిన కూడా పెట్టింది, ప్రతి ముక్కా వేలు పెట్టి చదివాక. ముందు ఒక గేటే ఎత్తాలనీ, ఒక రోజు ముందు తోటలవాళ్లకి తెలియజెయ్యాలనీ తీర్మానమైంది.

తర్వాతిసారి నీళ్లు వదిలినప్పుడు ఆపరేటరు మాట ప్రకారం ఒక్క గేటే ఎత్తాడు. నీళ్లు మెల్లగా వచ్చాయి, అన్న ఇంజను ఒడ్డుకి చేరింది. తెలియజేసే ఉత్తరం మాత్రం మూడు నకళ్లతో, రెండు ముద్రలతో, డిస్పాచ్ నంబరుతో, నీళ్లు వదిలిన నాలుగు రోజుల తర్వాత చేరింది. వదిన దాన్ని పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చి గుమస్తా బల్ల మీద పెట్టింది.

"వదినా, పద్ధతి ప్రకారం ఉత్తరమే పంపాలి. నేనేం చెయ్యను?"

"నీ దగ్గర నా ఫోన్ నంబరు లేదా?"

నంబరు అతని దగ్గర పన్నెండేళ్లుగా ఉంది. ఆఫీసు పని మీద ఆ నంబరుకి ఫోన్ చెయ్యొచ్చని పందొమ్మిదేళ్ల గుమస్తా బుర్రకి తట్టలేదు, అంతే. అతనికి అందరి మీదా ఉన్న కోపం ఒక్కసారిగా తన మీదికి మళ్లింది.

మళ్లీ గేట్లెత్తమని ఉత్తర్వు చేతికందగానే ఎవరి అనుమతీ అడగకుండా ఫోన్ తీశాడు.

"వదినా, రేపు పదింటికి వదులుతున్నారు."

"ఎన్ని గేట్లు?"

"ముందు ఒకటి. పదకొండుకి ఇంకో నాలుగు."

"సరే పెట్టెయ్, కాయ కొయ్యాలి," అని ఆమే పెట్టేసింది.

గుమస్తా రిజిస్టరు తెరిచి, ఫోన్ చేసిన టైమూ ఆమె అడిగిన ప్రశ్నా రాసి, పక్క తోటవాళ్ల నంబరు వెతకడం మొదలుపెట్టాడు.