వంకర కుట్టు

బుల్లి టైలర్ కొట్టు పెట్టిననాడు అతని పెట్టుబడి మూడు వందలు, ఒక పాత కుట్టుమిషను, ఒక అక్క. మూడు వందలు దారాలకీ గుండీలకీ మొదటి వారమే హరించుకుపోయాయి. మిగిలిన రెండూ నిలబడ్డాయి. అతను కత్తిరించి కుట్టేవాడు. అక్క పక్కన కూర్చుని కాజాలు తీసి, గుండీలు కుట్టి, అతన్ని వెక్కిరించేది.

అక్కది కొడవలి కణాల జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవళ్లలా వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుని, ఎముకల్ని పిండేసే నొప్పి తెచ్చేవి. ఆ నొప్పి రేపు వస్తుందనగా ఇవాళే మిషను కుట్టు వంకరపోయేది. గుడ్డని ఎంత తిన్నగా తోసినా దాని మీద చిన్న చిన్న కొడవళ్లు పడేవి. బట్టలిచ్చేవాళ్లకి అది అలవాటే. చొక్కా చేతి మీద వంకర చూసి, "రేపు అక్కకి బాగుండదేమో, వచ్చే వారం తీసుకుంటాలే" అని వెళ్లిపోయేవాళ్లు.

డాక్టరు కొత్తగా గొట్టం మాత్రలు రాసి, రోజుకొకటి అన్నాడు. బుల్లి టైలర్ బుర్ర వెంటనే లెక్క కట్టింది. మిషను ముందే చెబుతుంటే రోజూ ఎందుకు? కొడవళ్లు పడ్డనాడు ఒకటి వేస్తే నెల సీసా ఏడాది వస్తుంది. అక్కకీ నచ్చజెప్పి, తన తెలివికి తనే మురిసిపోయాడు. నొప్పి మాత్రం ఎప్పట్లాగే వచ్చింది, ఈసారి అక్క ఊపిరి తీసుకోలేనంతగా. ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రలెన్ని మిగిలాయని అడిగితే, సీసా దాదాపు నిండుగానే ఉందని గర్వంగా చెప్పాడు.

నర్సమ్మ సెలైన్ సరిచేస్తూ, "గుడ్డ కత్తిరించాక కొలతలు తీసుకుంటావా నాయనా?" అంది. "ఇది వచ్చిన నొప్పిని తగ్గించే మాత్ర కాదు. రోజూ వేస్తూ పోతే, నొప్పి రావడమే తగ్గుతుంది. నెలలు పడుతుంది. మధ్యమధ్య రక్తం చూపించుకోవాలి."

మంచం మీంచి అక్క, "వీడికి లెక్కలొచ్చు, వినడమే రాదు" అని నవ్వబోయి మూలిగింది.

ఆ తర్వాత పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే మొదటి పని మాత్ర. మొదట్లో ఏ మార్పూ లేదు. ఇద్దరూ విసుక్కున్నారు, అయినా మానలేదు. రానురాను కొడవళ్లు అరుదయ్యాయి. పడ్డా వంపు తక్కువ. ఇంట్లోనే నీళ్లు తాగి, వెచ్చగా పడుకుని ఓర్చుకునేపాటి నొప్పి.

అప్పుడే పక్క ఊళ్లో కటింగ్ నేర్పే బడి నుంచి అక్కకి చేరమని పిలుపొచ్చింది. ఎన్నాళ్ల కోరికో. సంచి సర్దింది, మళ్లీ బట్టలన్నీ బయటికి తీసింది.

"అక్కడ నాకు ముందుగా చెప్పే మిషనేదిరా?"

సంచి పట్టీ ఊడి ఉంటే, అతను దాన్ని సూది కింద పెట్టి తొక్కడం మొదలెట్టాడు. కుట్టు తిన్నగా నడిచి, చివర్న తనంతట తానే వంగింది. అక్క అతని భుజం గట్టిగా పట్టుకుంది. వంపు ఆగలేదు. ఇంకా తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలిసింది. గుండీ అంత గుండ్రటి కుట్టు.

అక్క చాలాసేపు దాని మీద వేలు తిప్పింది. తర్వాత మాత్రల సీసా సంచిలో అన్నిటికంటే ముందు వేసి, "వేసుకున్నావా, వేసుకున్నావా అని రోజూ ఫోన్ చేసి చంపకు" అంది.

"చంపుతాను" అన్నాడతను.

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, కొట్టుకొచ్చాడు. అక్క తిరిగొచ్చేసరికి ఆమెకంటూ ఒక మిషను ఉండాలి. మెడలోంచి టేపు తీసి, పక్క గది ఇరుకు గుమ్మంలోంచి అది పడుతుందో లేదో కొలవడానికి వంగాడు.