వెనక నిలబడే కుర్చీ

తడి దుప్పటిని ఆరేయడం ఒక్కరి వల్ల అవుతుంది గాని, ఆరినదాన్ని మడవాలంటే ఇద్దరుండాలి. ఆ లాండ్రీలో రోజూ మొగుడూ పెళ్లామూ చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడేవారు. ఒకసారి గట్టిగా లాగి, ముడత పోగానే దగ్గరికి నడిచి, ఆయన తన చేతిలోని కొసలు ఆవిడ చేతికందించేవాడు. ఇన్నేళ్ల కాపురంలో వాళ్లు మాట్లాడుకున్నదాంట్లో సగం ఆ దుప్పట్ల మధ్యనే జరిగింది.

ఈమధ్య ఆవిడ సగంలోనే కొస వదిలేస్తోంది. తెల్లగా ఉతికిన దుప్పటి నేలపాలవుతోంది. నీళ్లు పిండని మూట ఎవరో రొమ్ము మీద పెట్టి కూర్చున్నట్టు బరువు. అది మెల్లగా దవడలోకి, ఎడమ రెక్కలోకి పాకేది. చలి పొద్దున పెరట్లోకి వెళ్లినా వచ్చేది, పని అంతా అయ్యాక ఊరికే కూర్చున్నా వచ్చేది. మేడ మెట్లెక్కడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

పెద్దాసుపత్రిలో గుండెలోకి సన్నటి గొట్టం పంపి చూశారు. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయనీ, యాభై దగ్గరపడుతున్న ఆడవాళ్లకి ఇలాంటివి మామూలేననీ చెప్పి, డాక్టరు గ్యాసుకొక మాత్ర, దిగులుకొక మాత్ర రాశాడు.

డాక్టరు మాట ఎలా ఉన్నా, ఆవిడ నమ్మింది కుర్చీని.

అది అత్తగారి కుర్చీ. చేతుల్లేని, పేము అల్లిన పాత కర్ర కుర్చీ. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో నిజంగా బాగాలేకపోతే వచ్చి వాళ్ల వెనక నిలబడేది. ఆయన అక్క, ఈవిడకి వదినగారు, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పంటూ మెలికలు తిరిగిపోతే, అత్తగారు ముందు కుర్చీ వంక చూసేవారట. అది గోడవారన కదలకుండా ఉంటే సంచీ తగిలించి పంపేసేవారట. మామగారి వెనక మాత్రం ఆఖరి వేసవంతా తిరిగింది. నీడకైనా మిట్టమధ్యాహ్నం కాస్త తెరిపి ఉంటుంది, దీనికది కూడా లేదని ఆయన విసుక్కునేవారు. విసుక్కుంటూనే కూర్చునేవారు.

అలాంటి కుర్చీ ఆవిడ వెనకకి రాలేదు. గదులకి సున్నం వేయించినప్పుడు ఆయన దాన్ని పైన సామాన్ల గదిలో పెట్టాడు. ఎందుకు రావడం లేదని ఆవిడ అడిగితే, తలుపు తీసే ఉంది, రావాలనుకుంటే రాదా అన్నాడు.

వదినగారు చూడ్డానికి వచ్చినప్పుడు గడపలోనే తమ్ముణ్ణి అడిగింది కూడా అదే. “కుర్చీ ఏమంటోందిరా?”

“కదల్లేదక్కా.”

వదినగారు హమ్మయ్య అనుకుని, మరదలి భుజం తట్టి, ఇక మనసులో ఏమీ పెట్టుకోవద్దని చెప్పి వెళ్లింది. లాండ్రీకి అప్పుడే పెద్ద హోటలు పని వచ్చింది. ఇప్పుడు నువ్వు మూలనపడితే ఆ హోటలువాళ్లు ఇంకో గుమ్మం చూసుకుంటారని ఆయన రోజూ అంటూనే ఉన్నాడు. ఆవిడ నడుం బిగించి కొసలు పట్టుకుంది. పొద్దున్నే కళ్లు మూసుకుని, లేని నొప్పిని తెచ్చిపెట్టుకుంటున్నానేమో, క్షమించు తండ్రీ అని వేడుకునేది. దేవుడికి అంతకంటే పెద్ద అబద్ధం ఆవిడెన్నడూ చెప్పుకోలేదు. చెబుతున్నది అబద్ధమని ఆవిడకే తెలియదు.

మేడ మీద నుంచి అప్పుడప్పుడు టకటకమని చప్పుడు వినపడేది. మోటారు వేస్తే గొట్టం అదురుతోందన్నాడాయన. ఇద్దరూ ఆ చప్పుడు కిందే దుప్పట్లు మడిచేవారు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉతికే మిషన్లు ఆగిపోయాయి, మోటారు ఆగిపోయింది. అప్పుడే ఆవిడకి రొమ్ములో నొప్పి మొదలైంది. పైన చప్పుడూ మొదలైంది.

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. ఆయన దుప్పటి అంచు చూసుకుంటున్నాడు.

కొస వదిలేసి ఆవిడ మెట్లెక్కింది. మెట్ల కమ్మీ పట్టుకుని, ఆగి, ఊపిరి కూడదీసుకుని మళ్లీ ఎక్కింది. నొప్పి ఎక్కువైన కొద్దీ చప్పుడూ ఎక్కువైంది. గదికి బయట గడియ వేసి ఉంది. లోపల కుర్చీ కాళ్లు నైలాన్ తాడుతో కిటికీ ఊచలకి కట్టేసి ఉన్నాయి. కొట్టుకుని కొట్టుకుని కాళ్ల చివర్లు పీచులు తేలాయి, నేల గాడిపడింది. ఆ ముడి ఆవిడకి తెలుసు. హోటలు మూటలకి ఆయన వేసేది అదే.

విప్పింది. కుర్చీ కుంటుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి మోకాళ్ల వెనక మెత్తగా ఆనింది. ఆవిడ కూర్చుంది.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. విప్పిన తాడు వంక చూస్తూ అన్నాడు. “నాన్న వెనక తిరిగాక ఏమైందో చూశాను కదా. నీ వెనక చూడలేకపోయాను.”

“చూడలేకపోతే మీరు కళ్లు మూసుకోవలసింది. దాని కాళ్లెందుకు కట్టారు?”

“డాక్టరే ఏమీ లేదన్నాడు...”

“ఆయన తెలియక లేదన్నారు. మీరు తెలిసి లేదన్నారు.”

 మర్నాడు ఆవిడ వదినగారిని పిలిపించుకుని, ఇంకో ఆసుపత్రికి బయల్దేరింది. ఆయనా వెంట వచ్చాడు. బస్సులో కండక్టరు కుర్చీ దారికడ్డంగా ఉందని కాస్త పక్కకి జరగమన్నాడు, అది జరిగింది. జరిగిందంతా దారిలో విన్న వదినగారు తమ్ముడి పక్కన కూర్చోకుండా ముందు సీటుకి వెళ్లిపోయింది.

కొత్త డాక్టరమ్మ పాత రిపోర్టు చూసి, గ్యాసేనంటూ కలం తీసింది. తలెత్తేసరికి ఆవిడ వెనక కాళ్లరిగిన కుర్చీ కనిపించింది. కలం కింద పెట్టి, నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందో మొదటినుంచీ చెప్పమంది. మళ్లీ ఇంకో రకం పరీక్ష చేయించింది.

“పెద్ద నాళాలు చూసి బాగుందన్నారమ్మా. తేడా ఉన్నది వాటి చివర, కంటికానని సన్నటి నాళాల్లో. మీ నొప్పి గుండెనొప్పే. మందులు వాడుతూ, కాచుకుంటూ బతకాలి. చలి, బరువు, మనసు కష్టం, ఈ మూడూ దగ్గరికి రానివ్వకండి.”

ఆవిడకి ముందుగా కలిగింది భయం కాదు. దేవుడికి తన మీద తాను చెప్పుకున్న చాడీలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

బస్సు దిగి నలుగురూ నడిచారు, కుర్చీతో కలిపి. మందుల సంచీ ఆయన చేతిలో ఉంది. ఇంటికెళ్లి పడుకుందువుగాని, దుప్పట్లు నేను చూసుకుంటానంటున్నాడు. వదినగారిల్లు ముందొస్తుంది. కింద గది ఖాళీగానే ఉంది, మెట్లుండవు. ఆ మాట వదినగారు నోటిదాకా తెచ్చుకుని, తమ్ముడి కాపురం కదా అని మింగేసింది.

వదినగారి గేటు దగ్గరికి రాగానే కుర్చీ ఆవిణ్ణి దాటి ముందుకెళ్లి లోపలికి తిరిగింది.

ఆవిడ దాని వెనకే వెళ్లింది. వదినగారు తమ్ముడి చేతిలోంచి మందుల సంచీ తీసుకుని, గేటు వేసింది.